వైరల్ ఐసీయూ కేసుల్లో గడ్డా, రక్తస్రావమూ కలిసి వస్తే హెపారిన్, ప్లేట్‌లెట్ల లెక్క ఎలా?

నాగావళి_డ్యూటీ (రాయగడ)

వానలు మొదలయ్యాయి, ఇక జ్వరాల కేసులు వరస కడతాయి. అందుకే ముందుగా అడుగుతున్నాను. మాది రాయగడ వైపు చిన్న ఐసీయూ. వెంటిలేటర్లు, అల్ట్రాసౌండ్ ఉన్నాయి. సీబీసీ (రక్తకణాల లెక్క), పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసేవి) ఇక్కడే అవుతాయి. డీ-డైమర్ (గడ్డ కరిగినప్పుడు వచ్చే ముక్కలు), ఫైబ్రినోజెన్ (గడ్డకి కావాల్సిన ప్రొటీన్) కావాలంటే శాంపిల్ విశాఖపట్నం వెళ్ళాలి, రిపోర్టు మర్నాటికి గానీ రాదు. ప్లేట్‌లెట్లు, క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే ప్లాస్మా భాగం) కూడా బయట నుంచి తెప్పించుకోవాల్సిందే.

మూడు చోట్ల చెయ్యి ఆగిపోతోంది.

ఒకటి: ఇన్‌ఫ్లుయెంజా గానీ కోవిడ్ గానీ, న్యుమోనియాతో వెంటిలేటర్ మీదకి వచ్చినవాళ్ళకి డీ-డైమర్ 4,000 అని వస్తుంది. ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి, కాళ్ళలో వాపు ఉండదు. రిఫర్ చీటీలో మాత్రం ఎనాక్సాపారిన్ (గడ్డ కట్టకుండా ఆపే హెపారిన్ రకం మందు) 60 ఎంజీ రెండు పూటలా అని రాసి ఉంటుంది. అదే నడిపించాలా, 40 ఒక పూటకి దించాలా?

రెండు: అదే పేషెంటుకి ఆరో రోజో ఏడో రోజో ప్లేట్‌లెట్లు 2,10,000 నుంచి 80,000కి పడతాయి, పీటీ 18 సెకన్లు (కంట్రోల్ 13), సక్షన్‌లో ఎరుపు కనిపిస్తుంది. ఇది డీఐసీ (ఒళ్ళంతా సన్న గడ్డలు కట్టి, గడ్డకట్టే సరుకు ఖర్చైపోయి రక్తం కారడం) అనుకోవాలా, హెపారిన్ చేసిన పనా? ఆపితే గడ్డ కడుతుందేమో, ఆపకపోతే రక్తం పోతుందేమో.

మూడు: డెంగీ. ప్లేట్‌లెట్లు 12,000. రక్తస్రావం లేదు. బయట బంధువులు డోనర్లను వెంటబెట్టుకుని నిలబడి ఉంటారు. ఎక్కించాలా? డెంగీలో గడ్డ కట్టకుండా హెపారిన్ ఇచ్చే పని ఉందా?

—

జయపురం_క్రిటికల్‌కేర్

మొదటిదానికి సూటిగా చెప్తాను సార్. 40 ఒక పూట. డీ-డైమర్ అంకె చూసి డోసు పెంచవద్దు.

2021లో అటాక్, యాక్టివ్-4ఏ, రీమ్యాప్-క్యాప్ మూడు ట్రయల్స్ కలిపి వేసిన లెక్కలో, ఐసీయూ స్థాయి కోవిడ్ వాళ్ళకి పూర్తి డోసు హెపారిన్ ఇచ్చినా ప్రాణాలు ఎక్కువ నిలవలేదు, వెంటిలేటర్ రోజులూ తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం 2.3 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగాయి. అదే మందు వార్డులో ఉన్న, ఇంకా అంత ముదరని వాళ్ళకి కొంత మేలు చేసింది. ఇరాన్‌లో జరిగిన ఇన్‌స్పిరేషన్ ట్రయల్‌లో మధ్యస్థ డోసు ఇచ్చి చూశారు, దానికీ ఐసీయూలో లాభం లేదు. ఇన్‌ఫ్లుయెంజాకి ఇంత పెద్ద ట్రయల్స్ లేవు గానీ, అక్కడా అందరూ పాటించేది మామూలు ప్రొఫిలాక్సిస్ (ముందుజాగ్రత్త) డోసే.

కారణం తెలిస్తే చెయ్యి వణకదు. ఐసీయూకి వచ్చేసరికే ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని ఉంటుంది. గడ్డకట్టించే వాన్ విల్లబ్రాండ్ ఫ్యాక్టరు, ఫ్యాక్టర్ 8 ఎక్కువై ఉంటాయి, న్యూట్రోఫిల్స్ వదిలిన వలల మీద ఫైబ్రిన్ (గడ్డ దారాలు) పేరుకుని ఉంటుంది. హెపారిన్ కొత్త గడ్డను ఆపుతుందే తప్ప కట్టేసినదాన్ని కరిగించదు. ఇక డీ-డైమర్ చెప్పేదల్లా ఒంట్లో ఎక్కడో ఫైబ్రిన్ తయారై కరుగుతోందని. న్యుమోనియా, సెప్సిస్, గర్భం, ముసలితనం, తొడలో హెమటోమా (లోపల చేరిన రక్తం), ఏదైనా దాన్ని పెంచుతుంది. అది తక్కువగా వస్తే కొంత పనికొస్తుంది. ఎక్కువ వస్తే మాత్రం ‘వెతుకు’ అన్నట్టే, ‘ఇవ్వు’ అన్నట్టు కాదు.

వెతకడం ఎలాగంటే, అల్ట్రాసౌండ్ ఉంది కదా, రెండు చోట్ల నొక్కి చూడండి: గజ్జలో కామన్ ఫీమొరల్, మోకాలి వెనక పాప్లిటియల్. ప్రోబుతో నొక్కితే వెయిన్ పూర్తిగా చదును అవ్వాలి. అవ్వలేదంటే గడ్డ ఉన్నట్టే. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఉన్న వైపు మెడ, గజ్జ తప్పకుండా చూడాలి. ఎక్స్‌రే మారకుండా హఠాత్తుగా ఆక్సిజన్ పడిపోయినా, ఎండ్ టైడల్ సీవో2 (వదిలే ఊపిరిలోది) తగ్గి రక్తంలో పీసీవో2 పెరిగినా, ఎకోలో కుడి జఠరిక ఎడమదానికంటే పెద్దదైనా పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తుల నాళంలో గడ్డ) అనుకుని సీటీ యాంజియోకి పంపండి. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినడం), ఎక్కువ పీప్ (వెంటిలేటర్ పెట్టే ఒత్తిడి) కూడా కుడి జఠరికను ఉబ్బిస్తాయి. అందుకే ఒక్క ఎకో మీదే నిలబడవద్దు.

గడ్డ ఉందని తేలితే అప్పుడు పూర్తి డోసు. రక్తస్రావం భయం ఉన్నవాళ్ళకి ఎనాక్సాపారిన్ కంటే మామూలు హెపారిన్ ఇన్‌ఫ్యూజన్ నాకు నచ్చుతుంది. పంపు ఆపితే కొద్ది గంటల్లో ఒంట్లోంచి పోతుంది, ప్రొటమిన్‌తో పూర్తిగా విరుగుతుంది. మామూలుగా కిలోకి 80 యూనిట్ల బోలస్, తర్వాత గంటకి కిలోకి 18. చిగుళ్ళ నుంచో సక్షన్‌లోనో ఇప్పటికే రక్తం కనిపిస్తుంటే బోలస్ మానేసి నేరుగా ఇన్‌ఫ్యూజన్ మొదలుపెట్టండి. 25,000 యూనిట్లు 50 ఎంఎల్ సెలైన్‌లో కలిపితే ఎంఎల్‌కి 500 యూనిట్లు. 60 కిలోల మనిషికి గంటకి 1,080 యూనిట్లు, అంటే పంపు 2.2 ఎంఎల్ దగ్గర. ఆరు గంటలకి ఏపీటీటీ, కంట్రోల్‌కి 1.5 నుంచి 2.5 రెట్ల మధ్య ఉండాలి.

ఇక్కడ ప్రాణం మీదకి తెచ్చేది వయల్. 5 ఎంఎల్ వయల్‌లో ఎంఎల్‌కి 1,000 యూనిట్లదీ దొరుకుతుంది, 5,000దీ దొరుకుతుంది. రెండూ ఒకే ట్రేలో పెడితే ఏదో ఒక రాత్రి ఐదు రెట్లు ఎక్కువో తక్కువో వెళ్ళిపోతుంది. ఒకటే రకం ఉంచండి. కుదరకపోతే వేరే అల్మారాలో పెట్టండి.

ఇంకో చిక్కు. ఈ పేషెంట్లలో ఫ్యాక్టర్ 8, ఫైబ్రినోజెన్ బాగా పెరిగి ఉండడం వల్ల ఏపీటీటీ ఎంతకీ పెరగదు. రోజుకి 35,000 యూనిట్లు దాటినా ఏపీటీటీ కదలలేదంటే పంపు పెంచుకుంటూ పోవద్దు, యాంటీ-టెన్ఏ (హెపారిన్ పనిని నేరుగా కొలిచే పరీక్ష) పంపండి. 0.3 నుంచి 0.7 మధ్య ఉంటే హెపారిన్ చాలినంత ఉన్నట్టే.

కిడ్నీ మాట. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ వడపోత కొలత) 30 కంటే తగ్గితే ఎనాక్సాపారిన్ పేరుకుపోతుంది. అలాంటివాళ్ళకి మామూలు హెపారిన్ 5,000 యూనిట్లు 8 లేదా 12 గంటలకోసారి చర్మం కింద. ‘ఏపీటీటీ నార్మల్ వచ్చింది, ఒంట్లో మందు లేదు’ అని ఎనాక్సాపారిన్ విషయంలో ఎప్పుడూ అనుకోకండి. ఎనాక్సాపారిన్ లెక్క ఏపీటీటీకి అందదు. మీ చీటీలోని 60 రెండు పూటలా మోతాదు, 60 కిలోల మనిషికి పూర్తి చికిత్స డోసు. క్రియాటినిన్ 1 నుంచి 3కి పోయినా అదే చీటీ నడుస్తూ ఉంటే ఏడో రోజు జరిగేది మీరు రెండో ప్రశ్నలో రాసిందే.

—

జయపురం_క్రిటికల్‌కేర్

పోస్టు పొడవైపోయిందని రెండో ప్రశ్న విడిగా రాస్తున్నాను.

ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడ్డాయి, ఆరో రోజు, హెపారిన్ నడుస్తోంది. సహజంగానే హిట్ (హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు పడే జబ్బు) గుర్తొస్తుంది. సమయం సరిపోతుంది (5 నుంచి 10 రోజులు), పతనం సరిపోతుంది. కానీ హిట్‌లో రోగికి సాధారణంగా గడ్డలు కడతాయి, రక్తం కారదు. పీటీ కూడా ఇలా సాగదు. ఫోర్-టీస్ (హిట్‌ని ఎంత అనుమానించాలో చెప్పే) స్కోరు వేయండి. 3 లేదా తక్కువైతే హిట్ దాదాపు లేనట్టే. 4 లేదా ఎక్కువైతే లైన్ ఫ్లష్‌తో సహా హెపారిన్ అన్నది ఒక్క చుక్క ఉండకూడదు. కిడ్నీ బాగుంటే హెపారిన్ బదులు ఫోండాపారినక్స్, లేకపోతే అర్గాట్రోబాన్ దొరికే చోటికి పంపడం. ప్లేట్‌లెట్లు 1,50,000కి చేరేదాకా వార్ఫరిన్ ముట్టవద్దు.

మీ ఉదాహరణకి ఐఎస్‌టీహెచ్ (గడ్డకట్టే జబ్బుల అంతర్జాతీయ సంఘం) డీఐసీ స్కోరు వేద్దాం. ప్లేట్‌లెట్లు 50,000–1,00,000 మధ్య: 1. పీటీ 5 సెకన్లు ఎక్కువ: 1. డీ-డైమర్ బాగా ఎక్కువ: 3. ఫైబ్రినోజెన్ 100 పైన ఉంటే: 0. మొత్తం 5, అంటే ఓవర్ట్ (బయటపడ్డ) డీఐసీ అని కాగితం మీద తేలుతుంది. ఈ 5లో 3 మాత్రం మొదటి రోజు నుంచీ ఉన్న డీ-డైమర్‌దే. స్కోరు ఒకసారి కాకుండా రోజూ వేసి దిశ చూడాలనేది అందుకే. ఫైబ్రినోజెన్ కూడా అంతే. ఇన్‌ఫ్లమేషన్‌లో 500, 600 ఉండాల్సిన మనిషికి 190 వస్తే ల్యాబ్ చీటీ నార్మల్ అంటుంది. నిజానికి అది ఖర్చైపోతోంది.

ఆరో ఏడో రోజున పడిపోయిందంటే నేను మొదట వెతికేది కొత్త బ్యాక్టీరియా సెప్సిస్. వెంటిలేటర్ న్యుమోనియా, లైన్ ఇన్‌ఫెక్షన్, యూరిన్. కల్చర్లు తీసి, పాత లైన్ మార్చి, యాంటీబయాటిక్ సరిచేస్తే ప్లేట్‌లెట్లు వాటంతటవే లేస్తాయి.

రెండోది విటమిన్ కె లోటు. తిండి సరిగా వెళ్ళక, సెఫోపెరజోన్–సల్బాక్టమ్ రోజుల తరబడి నడుస్తున్నవాళ్ళలో పీటీ బాగా సాగి ఏపీటీటీ కొద్దిగానే కదులుతుంది. సెఫోపెరజోన్ సైడ్ చెయిన్ విటమిన్ కె చక్రాన్నే అడ్డుకుంటుంది. విటమిన్ కె 10 ఎంజీ 50 ఎంఎల్ సెలైన్‌లో 20, 30 నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కించండి, మూడు రోజులు. మర్నాటికి పీటీ దిగితే జబాబు దొరికినట్టే. దిగకపోతే లివరో, డీఐసీయో. ఎఫ్ఎఫ్‌పీ (ఫ్రీజ్ చేసిన ప్లాస్మా) పోసేముందు ఇది ఇచ్చి చూడడం చవక, సులువు కూడా.

హెపారిన్ ఆపాలా అన్నదానికి నా పద్ధతి ఇది. సక్షన్‌లో గులాబీ రంగు, హిమోగ్లోబిన్ నిలకడ, ప్లేట్‌లెట్లు 50,000 పైన: ప్రొఫిలాక్సిస్ డోసు నడుస్తుంది. సక్షన్ క్యాథెటర్ ట్యూబు చివరిదాకానే వెళ్ళాలి, గొంతుగొట్టం గోడకి పొడవకూడదు. సగం ఎరుపు అక్కడే ఆగిపోతుంది. తాజా రక్తం వస్తుంటే, హిమోగ్లోబిన్ 2 గ్రాములు పడితే, లేదా ప్లేట్‌లెట్లు 25,000–30,000 కిందికి వస్తే ఆపి, కాళ్ళకి న్యూమాటిక్ కంప్రెషన్ (గాలితో నొక్కే పట్టీలు) కట్టండి. గడ్డ ఉందని తేలి పూర్తి డోసు నడుస్తున్నవాళ్ళకి 25,000–50,000 మధ్య సగం డోసు. రక్తం ఆగి 24 నుంచి 48 గంటలు నిలకడగా ఉంటే మళ్ళీ 40తోనే మొదలు.

బయట రక్తం కనపడకుండా హిమోగ్లోబిన్ పడుతుంటే పొట్ట గోడా, నడుమూ చూడండి. కోవిడ్ వాళ్ళలో సోయాస్ కండరంలోనూ రెక్టస్ షీత్‌లోనూ హెమటోమాలు బాగా తెలిసిన సంగతే. దగ్గు ఎక్కువ, హెపారిన్ ఎక్కువ, ముసలివాళ్ళు. తొడ ముడుచుకుని చాపలేకపోవడం, గజ్జలో నొప్పి, తొడ ముందు భాగం తిమ్మిరి, పల్సు 130. సెడేషన్‌లో ఉన్నవాళ్ళు నొప్పి చెప్పరు కాబట్టి పల్సు, బీపీనే నోరు.

—

ప్రాణహిత (సిరొంచ)

మూడో ప్రశ్నకి నేను రాస్తా. మా గడ్చిరోలి వైపూ, మీ కొరాపుట్, మల్కనగిరి, రాయగడ వైపూ ఒకటే కథ: జ్వరంతో ప్లేట్‌లెట్లు పడ్డాయంటే డెంగీ కంటే ముందు ఫాల్సిపేరమ్ మలేరియా. ఎన్ఎస్1 (డెంగీ పరీక్ష) పాజిటివ్ వచ్చినా సరే మలేరియా ఆర్‌డీటీ (కిట్ పరీక్ష), స్మియర్ (గాజు పలక మీద రక్తం చూడడం) రెండూ చేయించండి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఫాల్సిపేరమ్ తీవ్రమైతే ఆర్టిసునేట్ 2.4 ఎంజీ కిలోకి, 0, 12, 24 గంటలకి, తర్వాత రోజుకోసారి. 20 కిలోల లోపు పిల్లలకి 3 ఎంజీ. బట్టలు పూర్తిగా తీసి చంక, గజ్జ, రొమ్ము కింద నల్ల పొక్కు కోసం చూడండి, స్క్రబ్ టైఫస్ అయితే అక్కడే దాక్కుంటుంది. అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్ 100 రెండు పూటలా మొదలుపెట్టేయండి, సెరాలజీ కోసం ఆగవద్దు.

మన రెండు వైపులా సికిల్ సెల్ ఎక్కువ. తెలియని సికిల్ మనిషికి వైరల్ న్యుమోనియా వస్తే అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ (సికిల్ జబ్బు ఊపిరితిత్తులను దెబ్బతీయడం) కూడా అదే ఎక్స్‌రేతో కనిపిస్తుంది, గడ్డల ముప్పు ఇంకా ఎక్కువ. సాల్యుబిలిటీ టెస్టు కొద్ది నిమిషాల పని.

ఇక 12,000. రక్తస్రావం లేదు, బీపీ బాగుంది అంటే ఎక్కించకండి. మన జాతీయ గైడ్‌లైన్ కూడా రక్తస్రావం లేనప్పుడు 10,000 కింద అనే చెప్పింది. సింగపూర్, మలేషియాల్లో 20,000 లోపు ఉన్న పెద్దవాళ్ళకి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించి చూసిన ట్రయల్ 2017లో లాన్సెట్‌లో వచ్చింది. రక్తస్రావం తగ్గలేదు, రియాక్షన్లు పెరిగాయి. డెంగీలో ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా గంటల్లోనే నాశనమవుతాయి. పైగా నాళాల నుంచి ప్లాస్మా కారే (లీకేజీ) సమయంలో ప్లేట్‌లెట్లతో పాటు 300 ఎంఎల్ ప్లాస్మా పోస్తే అది ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది.

డెంగీలో మనిషిని తీసుకుపోయేది ముందు లీకేజీ. జ్వరం దిగే సమయంలో, నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య, 24 నుంచి 48 గంటలపాటు ప్లాస్మా కారిపోతుంది. దాన్ని పట్టుకోకపోతే షాక్, షాక్ సాగితే లివర్ దెబ్బ, డీఐసీ, అప్పుడు రక్తస్రావం. అంటే పెద్ద రక్తస్రావం చాలామందిలో ఆలస్యమైన షాక్ ఫలితమే. అందుకని బంధువుల ఆత్రం ప్లేట్‌లెట్ల మీద ఉన్నా మీ కళ్ళు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పల్స్ ప్రెషర్ (పై బీపీకి, కింది బీపీకి తేడా) మీదే ఉండాలి. హెమటోక్రిట్ మొదటి అంకెకి 20 శాతం పెరిగితే లీకేజీ. పల్స్ ప్రెషర్ 20 లేదా తక్కువైతే షాక్. ఫ్లూయిడ్ పోసినా పల్సు దిగకుండా హెమటోక్రిట్ 45 నుంచి 34కి పడిందంటే ‘బాగుపడ్డాడు’ అని సంబరపడొద్దు, కడుపులో రక్తం పోతోంది. ప్యాక్డ్ సెల్స్ (ఎర్రకణాల బ్యాగు) 5 నుంచి 10 ఎంఎల్ కిలోకి వెంటనే, మలం నల్లబడేదాకా ఆగవద్దు.

హెపారిన్ సంగతి: డెంగీలో ప్లేట్‌లెట్లు పడుతున్నంత కాలం వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. కండరానికి ఇంజెక్షన్ అసలే వద్దు, పిరుదులో అరలీటరు రక్తం దాక్కోగలదు. ట్యూబు వేయాల్సి వస్తే ముక్కులోంచి కాకుండా నోట్లోంచి, బాగా జెల్లీ రాసి. ఆడవాళ్ళని నెలసరి ఎప్పుడని అడగండి, జ్వరంతో వస్తే ఆ మాట ఎవరూ చెప్పరు. బొప్పాయి ఆకు రసం గురించి ఇక్కడ వాదన పెట్టను గానీ, తాగించి వాంతి చేసుకుంటే అది రసమో పిత్తమో పాత రక్తమో తేల్చుకోలేక మీ రాత్రంతా పోతుంది.

—

నీలంమూత_ల్యాబ్ (పర్లాకిమిడి)

డాక్టర్ గార్లందరూ అంకెల మీద మాట్లాడుతున్నారు. ఆ అంకె ఎలా పుట్టిందో కూడా చూడాలి కదండీ.

నీలం మూత సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఉంచే ద్రవం) ట్యూబులో గీత దాకా రక్తం ఉండాలి. 9 భాగాల రక్తానికి 1 భాగం సిట్రేట్. సగం నిండితే సిట్రేట్ ఎక్కువై పీటీ, ఏపీటీటీ రెండూ అబద్ధంగా సాగుతాయి. డెంగీ లీకేజీలో హెమటోక్రిట్ 55 దాటితే ట్యూబు పూర్తిగా నిండినా అదే సమస్య, సిట్రేట్ కొంత తీసేయాలి. ఎంత తీయాలో మాకు ఫోన్ చేస్తే చెప్తాం.

హెపారిన్ ఫ్లష్ చేసే లైన్‌లోంచి తీయకండి. వేరే దారి లేకపోతే ముందు 5 నుంచి 10 ఎంఎల్ పారబోసి తీయండి. ఏపీటీటీ 120 వచ్చి పీటీ మామూలుగా ఉంటే మాకు మొదట అనుమానం లైన్ మీదే. శాంపిల్ ఐస్‌లో పెట్టి పంపవద్దు. చల్లదనానికి ఫ్యాక్టర్ 7 లేచి పీటీ తగ్గినట్టు చూపిస్తుంది. గది వేడిలోనే, ఏపీటీటీ నాలుగు గంటల్లోపు. హెపారిన్ మీద ఉన్నవాళ్ళదైతే గంటలోపు సెంట్రిఫ్యూజ్ కావాలి, లేకపోతే ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పీఎఫ్4 అనే ప్రొటీన్ హెపారిన్‌ని మింగేసి అంకె తగ్గుతుంది. విశాఖ పంపేది ఉంటే ఇక్కడే ప్లాస్మా విడదీసి, రెండోసారి తిప్పి, ఫ్రీజ్ చేసి పంపాలి.

డీ-డైమర్‌లో రెండు యూనిట్లు ఉన్నాయి: ఎఫ్ఈయూ, డీడీయూ. ఎఫ్ఈయూ అంకె డీడీయూకి ఇంచుమించు రెట్టింపు. పైగా ఒక ల్యాబ్ నానోగ్రాముల్లో 4,000 అంటుంది, ఇంకోటి మైక్రోగ్రాముల్లో 4.0 అంటుంది. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి ‘పెరిగింది, తగ్గింది’ అనడానికి లేదు. రిపోర్టు మీద యూనిట్ లేకపోతే ఫోన్ చేసి అడగండి.

ప్లేట్‌లెట్లు హఠాత్తుగా 20,000 వచ్చి ఒంటి మీద ఒక మచ్చ కూడా లేకపోతే స్మియర్ చూడమనండి. సీబీసీ ట్యూబులో ఉండే ఈడీటీఏ రసాయనంలో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి మెషీన్ తక్కువ లెక్కపెడుతుంది. సిట్రేట్ ట్యూబులో తీసి మళ్ళీ లెక్కించి, వచ్చినదాన్ని 1.1తో గుణిస్తే నిజం తేలుతుంది.

—

నాగావళి_డ్యూటీ (రాయగడ)

అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. ఫైబ్రినోజెన్ మర్నాటిదాకా రాదు కదా. పాముకాటుకి చేసే 20 నిమిషాల గాజు ట్యూబు పరీక్ష డీఐసీ అనుమానంలో పనికొస్తుందా? రెండోది, రక్తం కారుతున్నప్పుడు ట్రానెక్సా (గడ్డ కరగకుండా ఆపే మందు) అందరికీ ఇచ్చేస్తున్నారు, అది సరేనా?

—

జయపురం_క్రిటికల్‌కేర్

గాజు ట్యూబు పనికొస్తుంది, దాని హద్దు తెలిసి వాడితే. శుభ్రమైన, పొడి, కొత్త గాజు ట్యూబు. ప్లాస్టిక్ కాదు, సబ్బుతో కడిగింది కాదు. 2 ఎంఎల్ రక్తం, కదపకుండా 20 నిమిషాలు, ఒక్కసారి వంచి చూడడం. గడ్డ కట్టకపోతే ఫైబ్రినోజెన్ దాదాపు అడుగంటినట్టు, రిపోర్టు కోసం ఆగకుండా క్రయో పిలవండి. గడ్డ కడితే మాత్రం ధీమా వద్దు, 120 ఉన్నవాళ్ళకి కూడా కడుతుంది. హెపారిన్ ఇన్‌ఫ్యూజన్ మీద ఉన్నవాళ్ళలో కట్టకపోవడం హెపారిన్ వల్ల కూడా కావచ్చు. ఇంకోటి, మన వైపు పొలంలో పడిపోయి జ్వరం అని తెచ్చినవాళ్ళలో ఈ పరీక్ష కొన్నిసార్లు డెంగీ కాదు, రక్తపింజర కాటు అని తేలుస్తుంది.

ట్రానెక్సా: యాక్సిడెంట్ గాయాల్లో మొదటి మూడు గంటల్లో ఇస్తే మేలు చేసింది. 1 గ్రాము 10 నిమిషాల్లో, ఇంకో గ్రాము 8 గంటల్లో. దాన్ని చూసి అన్నిటికీ పట్టుకొచ్చారు. కడుపులో రక్తస్రావానికి 2020లో హాల్ట్-ఇట్ ట్రయల్‌లో మరణాలు తగ్గలేదు, వెయిన్లలో గడ్డలూ ఫిట్సూ పెరిగాయి. వైరల్ ఐసీయూ పేషెంటు అసలే గడ్డకట్టే వైపు మొగ్గి ఉన్నాడు. డీఐసీలో సన్న నాళాల్లో కట్టిన ఫైబ్రిన్‌ని కరిగించే దారి మూసేస్తే కిడ్నీ పోతుంది. ముక్కులోంచి, పంటి చిగుళ్ళలోంచి అయితే గాజుగుడ్డను ట్రానెక్సా ఇంజెక్షన్‌లో తడిపి అక్కడే నొక్కిపెట్టండి, సిరలోకి అక్కర్లేదు.

—

బరంపురం_బ్లడ్‌బ్యాంక్

దూరం నుంచి బ్యాగులు తెప్పించుకునేవాళ్ళ కోసం కొంచెం.

ప్లేట్‌లెట్లు 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, ఊపుతూ ఉంచాలి, ఆయుష్షు 5 రోజులు. దారిలో ఐస్ డబ్బాలో పెట్టి తెస్తే దండగే, చల్లబడిన ప్లేట్‌లెట్లను ఎక్కించగానే లివర్ పీకేస్తుంది. రక్తం బ్యాగుతో కలిపి ఒకే డబ్బాలో తెచ్చేవాళ్ళు చాలామంది. విడి డబ్బా, ఐస్ లేకుండా. వచ్చాక ఫ్రిజ్‌లో దాచవద్దు, వెంటనే 30 నిమిషాల్లో ఎక్కించేయండి. మామూలు ఆర్‌డీపీ (ఒక రక్తం బ్యాగు నుంచి తీసిన ప్లేట్‌లెట్లు) బ్యాగు 50 నుంచి 70 ఎంఎల్, ఒక్కోటి 5,000 నుంచి 10,000 పెంచుతుంది. ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మెషీన్‌తో తీసినవి) ఒకటి 30,000 నుంచి 60,000. ఎక్కించిన గంటకి కౌంట్ చూడండి. గంటకే లేవలేదంటే శరీరం నాశనం చేస్తోందని అర్థం, ఇంకో ఆరు బ్యాగులకి పరిగెత్తే ముందు కారణం వెతకాలి.

రక్తం కారుతుంటే లక్ష్యం 50,000, తలలో రక్తస్రావమైతే 1,00,000. ఎఫ్ఎఫ్‌పీ కిలోకి 15 ఎంఎల్, అంటే 60 కిలోలకి నాలుగైదు బ్యాగులు. ఒక్క బ్యాగు ఎఫ్ఎఫ్‌పీ అడిగే చీటీలు వస్తుంటాయి, పెద్ద మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కరిగించడానికి 37 డిగ్రీల నీళ్ళలో అరగంట పడుతుంది, ఫోన్ చేసేటప్పుడే చెప్పేస్తే వాహనం వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. రక్తం కారని మనిషికి ఐఎన్ఆర్ (పీటీ నుంచి లెక్కించే) అంకె దిద్దడానికి ఎఫ్ఎఫ్‌పీ వద్దు. ఫైబ్రినోజెన్ 150 కింద ఉండి రక్తం కారుతుంటే క్రయో, 5 నుంచి 10 కిలోలకి ఒక బ్యాగు. కరిగించాక మళ్ళీ ఫ్రీజ్ చేసేది లేదు, కొద్ది గంటల్లోనే వాడేయాలి. అందుకే రాయగడ దాకా క్రయో పంపేటప్పుడు ఫ్రీజ్ అయిన బ్యాగునే డ్రై ఐస్‌లో పంపి, అక్కడ కరిగించుకోవడం మేలు.

ఎక్కువ బ్యాగులు ఎక్కిస్తుంటే సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. అయనైజ్డ్ కాల్షియం 1.1 కింద ఉంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 ఎంఎల్ నెమ్మదిగా, రక్తం వెళ్ళే లైన్‌లో కాకుండా వేరే లైన్‌లో. ఒళ్ళు 35 డిగ్రీల కిందికి చల్లబడ్డా, పీహెచ్ 7.2 కింద ఉన్నా ఎన్ని బ్యాగులు పోసినా గడ్డ కట్టదు.

—

నాగావళి_డ్యూటీ (రాయగడ)

ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు సెంట్రల్ లైన్, ఎల్‌పీ (వెన్నులోంచి నీళ్ళు తీయడం) గురించి ఒక్క మాట చెప్పండి సార్. మెదడువాపు కేసులు కూడా వస్తుంటాయి.

—

ప్రాణహిత (సిరొంచ)

లైన్ అయితే అల్ట్రాసౌండ్‌తో మెడ గానీ గజ్జ గానీ, నొక్కి పట్టుకోగల చోటే. సబ్‌క్లేవియన్ (కాలర్ ఎముక కింది సిర) వద్దు. 2023లో వచ్చిన పేసర్ ట్రయల్‌లో 10,000 నుంచి 50,000 మధ్య ఉన్నవాళ్ళకి ప్లేట్‌లెట్లు ఇవ్వకుండా లైన్ వేస్తే రక్తస్రావం ఎక్కువైంది. కాబట్టి 20,000 కింద ఉంటే లైన్‌కి ముందు ఒక ఎస్‌డీపీ న్యాయమే, ముందు రోజు కాదు, సూది పెట్టే గంటలో.

ఎల్‌పీకి 50,000 నేను అడుగుతాను. 40 డోసు ఎనాక్సాపారిన్ తర్వాత 12 గంటలు, పూర్తి డోసైతే 24 గంటలు గడవాలి, కిడ్నీ దెబ్బతిని ఉంటే ఇంకా ఎక్కువ. ఎల్‌పీ కుదరని రోజున ఎసైక్లోవిర్, సెఫ్‌ట్రియాక్సోన్ మాత్రం ఆపకండి, మొదలుపెట్టేసి ప్లేట్‌లెట్లు లేచాక నీళ్ళు తీయొచ్చు. ఎల్‌పీ అయ్యాక కాళ్ళు కదుపుతున్నాడా, మూత్రం వస్తోందా అని 24 గంటలు రెండు గంటలకోసారి రాయించండి. వెన్నులో హెమటోమా అయితే మొదట పోయేది కాళ్ళ బలమే.

—

జయపురం_క్రిటికల్‌కేర్

ప్రాణహిత గారి 20,000తో నాకూ పేచీ లేదు. ఒకటే జోడిస్తా, హెపారిన్ ఆపిన సంగతి కేస్ షీటులో పెద్దక్షరాలతో, ఎందుకు ఆపారో, మళ్ళీ ఎప్పుడు చూడాలో గంటతో సహా రాయండి. ‘హోల్డ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే షిఫ్టులు మారి మూడు రోజులు ఎవరూ మొదలుపెట్టరు. ఐదో రోజు గజ్జలో గడ్డతో కాలు ఉబ్బుతుంది.

నర్సింగ్ వాళ్ళకి కూడా: 40 ప్రీఫిల్డ్ సిరంజిలో బుడగ తీయకూడదు, బొడ్డు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, పక్కలు మారుస్తూ, చర్మం మడత పట్టి నిలువుగా, తర్వాత రుద్దకూడదు. రుద్దిన చోటే అరచేయంత నల్లమచ్చ తేలుతుంది, అది చూసి ఇంకెవరో మందు ఆపేస్తారు.